జాగా ఆపిన కుర్చీ

మా వంటింటి బల్ల చుట్టూ ఆరు కుర్చీలు ఉండాలి. ఐదే ఉంటాయి. ఆరోదానికి ఒక కాలు వంకర. అది వీధి గుమ్మం పక్కన నిలబడి ఉంటుంది. చలికాలం వచ్చిందంటే దానికి ఉద్యోగం. పొద్దున్నే నడుం పడిపోయేలా మంచు తోడి, కారు పట్టేంత జాగా చేసుకుంటాం కదా, కారు తీసుకుని వెళ్ళేటప్పుడు ఆ జాగాలో ఈ కుర్చీ పెట్టి వెళ్తాం. తిరిగొచ్చేదాకా అది మా జాగా. చట్టం ఒప్పుకోదు. కానీ పిట్స్‌బర్గ్‌లో పుట్టిపెరిగినవాళ్ళెవరూ ఆ కుర్చీని కదపరు. పోలీసువాళ్ళ ఇళ్ళముందు కూడా కుర్చీలే ఉంటాయి మరి.

మా ఆయన లెన్ స్లివ్కా ఇదే పని కోటు వేసుకుని చేస్తాడు. ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకి మేనేజరు. ఎవర్ని తేవాలి, ఎవరికెంత ఇవ్వాలి అన్నది అతని తలనొప్పి. అందరి జీతాలూ కలిపి ఇంతకి మించకూడదని లీగ్ ఒక గీత గీస్తుంది. గీతకింద మిగిలింది మన ఖాళీ. ఒప్పందం గడువు అయిపోయిన మన ఆటగాణ్ణి మళ్ళీ తీసుకోవాలనుకుంటే, ఆ ఖాళీలో అతని పేరున ఒక కుర్చీ వేసి ఉంచాలి. ఆ కుర్చీ ఉన్నంతకాలం మిగతా ఖాళీ అంతా బయటివాళ్ళమీద ఖర్చుపెట్టేసి, ఆఖర్న ఇతనికి మాత్రం గీత దాటి ఇవ్వొచ్చు. కుర్చీ తీసేస్తే అతనూ బయటివాడే. తీసిన కుర్చీ మళ్ళీ వేస్తానంటే కుదరదు.

దీనికి లీగ్‌లో వేరే పేరుంది. మా ఇంట్లో కుర్చీ అనే అంటాం. నేను కాలేజీలో లెక్కలు చదివాను. ఆ చదువంతా ఇప్పుడు బిస్కెట్లని డజన్లలోకి మార్చడానికి వాడుతున్నాను గానీ, కుర్చీ లెక్క అర్థం కాకపోయేంత మర్చిపోలేదు.

ఈ వేసవి మా ఖాళీ ముప్పై ఒక్క మిలియన్ డాలర్లు. అందులో రెండు మిలియన్ల జాగాలో లమోంట్ ప్రాయర్ కుర్చీ. మూడేళ్ళ కిందట అందరికన్నా తక్కువ జీతానికి వచ్చినవాడు కాబట్టి అతని కుర్చీ అంత చిన్నది. ఈ మూడేళ్ళలో ఎదుటి జట్టులో అందరికన్నా గట్టివాడు ఎవడో చూసి, ఆట ఉన్న ప్రతి సాయంత్రం వాణ్ణి ఏడిపించడమే పనిగా పెట్టుకున్నాడు. ఇప్పుడతని వెల పదమూడు మిలియన్లు.

జూన్ ముప్పై, మధ్యాహ్నం మూడింటికి లమోంట్ మా వంటింట్లో ఉన్నాడు. సాయంత్రం ఆరింటికి ఆటగాళ్ళ సంత మొదలవుతుంది. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, వస్తూ వస్తూ గుమ్మం పక్కనున్న కుర్చీ లాక్కొచ్చుకుని కూర్చున్నాడు.

"అది వద్దు నాయనా, దాని కాలు బాలేదు."

"నా మోకాలు కూడా బాలేదు మిస్ బెర్నీ. ఇద్దరం సర్దుకుంటాం."

అతనికి జూలై ఇరవయ్యో తారీఖున పెళ్ళి. పెళ్ళికూతురు రెనాటా మా వీధి పిల్లే. మా ఊరి పెళ్ళిళ్ళలో కేకు ఎవరూ పట్టించుకోరు, బిస్కెట్ల బల్ల చూస్తారు. పిన్నులూ అత్తలూ ఇరుగుపొరుగూ నెలరోజుల ముందునుంచి కాల్చి, ఫ్రీజర్లలో దాచి, ఆ రోజు బల్ల కనపడకుండా పేరుస్తారు. రెనాటాకి తల్లి లేదు. అందుకని అరవై డజన్ల బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే ఇంకెవరైనా అడ్డొస్తారని.

"టెక్సాస్ వాళ్ళు అప్పుడే చాటుగా పన్నెండంటున్నారు," అన్నాడు లమోంట్, పిజ్జెల్ అనే పల్చటి బిస్కెట్ వేడిది ఒకటి విరుచుకుంటూ. "మూడేళ్ళకి. రేపు సాయంత్రంలోపు చెప్పాలట. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటారట."

"నేను పదమూడిస్తాను, నాలుగేళ్ళకి," అన్నాడు లెన్. "కానీ ఆరో తారీఖు దాకా ఆగాలి. ముందు బయటివాణ్ణి తెచ్చుకుని ఖాళీ నింపుకోవాలి. ఆ తర్వాతే నీ సంతకం."

"మరి నా చేతికి ఏదైనా కాగితం?"

"ఆరో తారీఖు మధ్యాహ్నం పన్నెండు దాకా ఎవరూ సంతకం పెట్టకూడదు. లీగ్ రూలు. అప్పటిదాకా అందరివీ నోటిమాటలే."

"అంటే మీరిచ్చేది నోటిమాట."

"అంతే."

లమోంట్ నమిలింది మింగి, నావైపు తిరిగాడు. "మా అమ్మ రశీదు చూడందే వాన పడుతోందన్నా నమ్మదు. మీరు చెప్పండి మిస్ బెర్నీ. ఆగనా?"

నాకేం సంబంధం? నేను పిండి చేతులతో ఉన్నాను. లెన్ ఓవెన్ తలుపువంక చూస్తున్నాడు, అందులోంచి ఎవరో వచ్చి కాపాడతారన్నట్టు. ఆ కుర్రాడు తన ముప్పై ఆరు మిలియన్లనీ నా ముందు పెట్టి, బిస్కెట్ బాగుందా అని అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఆగు నాయనా," అన్నాను.

ఇరవయ్యారేళ్ళ కాపురంలో మా ఆయన ఉద్యోగంలో నేను వేలు పెట్టింది ఆ ఒక్కసారే.

మర్నాడు లమోంట్ టెక్సాస్ వాళ్ళకి వద్దన్నాడు. గంటలో వాళ్ళు ఇంకొకణ్ణి మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రానికి మిగతా జట్ల ఖాళీలన్నీ గబగబా నిండిపోయాయి. ఒక్కొక్కటీ నిండినప్పుడల్లా లెన్ ఫోను టింగుమనేది. టింగుమన్నప్పుడల్లా నాకు ఒక కొలాచీ బిస్కెట్ మాడిపోయేది. ఎందుకంటే నాకు లెక్క తెలుసు. ఇక లమోంట్‌కి పదమూడిచ్చే జాగా దేశం మొత్తంమీద ఒక్కటే మిగిలింది, మాది. ఆ జాగాలో అతనికున్నది ఒక్క కుర్చీ.

రెండో తారీఖున వారిక్ సరేనన్నాడు. కోలిన్ వారిక్ పేరు తెలియనివాళ్ళు మా ఊళ్ళో లేరు. ముప్పై మూడేళ్ళు, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లు, అయినా బంతి అతని చేతిలో ఉంటే హాలంతా లేచి నిలబడుతుంది. ఏడాదికి ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటిలో కుర్చీకి రెండు పోగా సరిగ్గా ఇరవై తొమ్మిదే. లెన్ వంటింట్లోకొచ్చి ఈల వేశాడు. నేను మొదటిసారి బిస్కెట్లు మాడకుండా కాల్చి ఫ్రీజర్ మూత వేశాను.

నాలుగో తారీఖు మధ్యాహ్నం జట్టు యజమాని ఇంట్లో విందు. ఆయన పేరు బ్రెంట్ హాల్‌స్టెడ్. కనెక్టికట్ మనిషి, నలభై ఒకటో ఏడు. జట్టు కొనుక్కుని మూడేళ్ళయింది. 'బ్రెంట్ అనండి' అని అందరికీ చెప్తాడు, అని చూసినవాళ్ళెవరూ రెండోసారి అనలేదు. ప్రతి విందులోనూ ఆయన చెప్పే కథ ఒకటుంది. ఆరోజూ చెప్పాడు, పొయ్యిమీద సాసేజీలు తిప్పుతూ.

"ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం. శుక్రవారం. ఏదో చర్చిలో అమ్మే వేయించిన చేపలు బాగుంటాయని వెళ్ళాను. వీధంతా మంచు, ఎక్కడా జాగా లేదు. ఒకచోట ఉంది. మధ్యలో పాత కుర్చీ! ఎవరో పారేశారనుకుని పక్కన పెట్టి నా కారు పెట్టాను. గంట తర్వాత వస్తే కారు మొత్తం ఐసు! తలుపులు తెరుచుకోవు. నీళ్ళు పోశారండీ ఎవరో! పిడి విరిగింది, తొమ్మిదొందలు వదిలాయి. వీళ్ళేం మనుషులు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మూడేళ్ళుగా సాధన చేస్తున్నాను. ఎందుకంటే ఆ కుర్చీ మాది. నీళ్ళు పోసింది నేను. కారు ఎవరిదో నాకప్పుడు తెలియదు. రెండు నెలల తర్వాత జట్టు విందులో ఈ కథ మొదటిసారి విన్నప్పుడే తెలిసింది. లెన్‌కి కూడా చెప్పలేదు. అతనికి అబద్ధం చెప్పడం రాదు. అలాంటివాళ్ళకి నిజాలు అప్పగించకూడదు.

కథ అయ్యాక హాల్‌స్టెడ్ లెన్ భుజంమీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. నేను క్యాబేజీ కోల్‌స్లా గిన్నె పట్టుకుని వెనకే వెళ్ళాను. గిన్నె పట్టుకున్న ఆడదాన్ని ఎవరూ వెళ్ళమనరు.

"వారిక్ ఏజెంట్ ఫోన్ చేశాడు. ముప్పై ఒకటి కావాలట."

"ఇరవై తొమ్మిదికి ఒప్పుకున్నాడుగా?"

"నోటిమాటేగా లెన్. ఇంకో జట్టు ఇతనికోసమే ఇద్దర్ని వదిలించుకుని ముప్పై అందట. ఆరో తారీఖు పన్నెండులోపు తేల్చమంటున్నాడు. మన దగ్గర ముప్పై ఒకటి ఉంది కదా?"

"ఉంది. అందులో రెండు లమోంట్ కుర్చీ."

"తీసెయ్యండి."

"తీస్తే తర్వాత లీగ్ ఇచ్చే చిన్న వెసులుబాటు కింద అతనికి ఎనిమిదికి మించి ఇవ్వలేం. పదమూడని చెప్పాను. నా మాటమీద పన్నెండు వదులుకున్నాడు."

"ఎనిమిది మిలియన్లు తక్కువా? అతనికి వేరే దారి కూడా లేదు కదా ఇప్పుడు?" హాల్‌స్టెడ్ గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. "వారిక్ వస్తే హాలు నిండుతుంది. లమోంట్ మంచివాడే, కాదనను. కానీ అది కుర్చీ లెన్. ఖాళీ కుర్చీ. పక్కన పెట్టండి."

నేను కోల్‌స్లా తీసుకెళ్ళి తప్పుడు బల్లమీద పెట్టాను.

ఇంటికొస్తూ దారిలో అడిగాను. "ఏం చేస్తావు?"

"జట్టు అతనిది బెర్నీ. నేను తీయనంటే తీసేవాణ్ణి పెట్టుకుంటాడు. నేనూ పోతాను, కుర్చీ పోతుంది."

"మరి ఆ పిల్లాడికి నేను చెప్పింది?"

"నువ్వెందుకు చెప్పావు అసలు?"

"నువ్వు ఓవెన్‌వంక చూస్తున్నావు కాబట్టి."

ఆ తర్వాత ఇంటిదాకా ఇద్దరం రోడ్డువంక చూశాం.

ఐదో తారీఖంతా లెన్ ఫోన్లో ఉన్నాడు. ఇంకో ఆటగాణ్ణి ఎవరికైనా అంటగట్టి ఆ రెండు మిలియన్లు ఖాళీ చేద్దామని. మన పీకమీదకొచ్చిందని తెలిసినవాడు ఊరికే ఎందుకు తీసుకుంటాడు? ప్రతివాడూ వచ్చే ఏటి కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే మా వంతు అడిగాడు. అది ఇవ్వడానికి హాల్‌స్టెడ్ ఒప్పుకోలేదు.

నాలుగింటికి ఫోను మోగింది. లమోంట్. లెన్‌కి కాదు, నాకు.

"మిస్ బెర్నీ, వారిక్ బేరం పెంచాడని టీవీలో చెప్తున్నారు. నా కుర్చీ ఉందా?"

"ఉంది."

"రేపు?"

నా చేతిలో వాల్‌నట్ పొడి ఉంది. దాన్ని నేల రాలకుండా చూసుకోవడం ఆ క్షణంలో చాలా ముఖ్యమనిపించింది.

"రేపు పన్నెండయ్యాక చెప్తాను," అన్నాను.

"రెనాటా బల్లకి ఇంకో ఐదు డజన్లు కావాలేమో అంటోంది," అన్నాడు లమోంట్. "మా అమ్మ తరఫువాళ్ళు ఎక్కువమంది వస్తున్నారు. మీకు కష్టమైతే వద్దులెండి."

తిట్టినా బాగుండేది.

ఆరో తారీఖు పొద్దున హాల్‌స్టెడ్ కబురు పంపాడు. ఆఫీసు ముందు విలేకరులు కాపు కాశారు కాబట్టి పదకొండుకి తనే మా ఇంటికొస్తాడు, ఇక్కడినుంచే కాగితాలు పంపేద్దాం అని. మూడేళ్ళలో ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. లెన్ వంటబల్లమీద లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. లమోంట్‌ని వదులుకునే కాగితం తెరమీద సిద్ధంగా ఉంది. ఒక్క మీట నొక్కితే లీగ్‌కి చేరిపోతుంది. ఆ కాగితం పక్కనే నా పిజ్జెల్లు ఆరుతున్నాయి.

పదిన్నరకి నేను గుమ్మం పక్కనున్న కుర్చీ తీసుకెళ్ళి వీధిలో మా ఇంటిముందు జాగాలో పెట్టాను. ఎందుకు పెట్టానో అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. ఎండ మండిపోతోంది. మంచు పడటానికి ఐదు నెలలుంది. ఎదురింటి రుజియేరీ ముసలమ్మ వసారాలోంచి అరిచింది.

"బెర్నడెట్! వంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా! జాగా ఆపుతున్నాను!"

"ఎవరికి?"

"లమోంట్‌కి!"

ఆవిడ ఇంకేం అడగలేదు. మా వీధిలో జాగా ఎవరికో తెలిస్తే చాలు, నెలతో పని లేదు.

పదకొండూ ఐదుకి నల్లకారు వచ్చింది. నేను కిటికీ పరదా వెనక ఉన్నాను. వీధిలో ఖాళీ ఉన్నది అదొక్కటే. కారు కుర్చీముందు ఆగింది. అద్దం దిగింది. హాల్‌స్టెడ్ కుర్చీవంక చూశాడు, తర్వాత వీధి చివరున్న చర్చివంక, మళ్ళీ కుర్చీవంక. చాలాసేపు చూశాడు. అద్దం పైకెళ్ళింది. కారు కదిలి వెళ్ళిపోయింది.

"వెళ్ళిపోయాడు!" అన్నాను.

"ఏంటి వెళ్ళిపోవడం? నువ్వేం చేశావు?" లెన్ లేచి నిలబడ్డాడు.

నేను చెప్పే లోపల పావుగంట గడిచింది. అంటే చెప్పలేదు, పిజ్జెల్లు లెక్కపెట్టాను. పదకొండూ ఇరవైకి తలుపు చప్పుడైంది. హాల్‌స్టెడ్ చొక్కా మొత్తం చెమట.

"మూడు వీధుల అవతల దొరికింది," అన్నాడు. కూర్చోలేదు. నావంకే చూస్తున్నాడు. "ఆ కుర్చీకి ఒక కాలు వంకర."

"అవునండీ."

"ఆ రోజు కూడా వంకరే."

"అప్పుడు ఇంకా కాస్త బాగుండేది. మీరు మంచులోకి విసిరాక ఎక్కువైంది."

లెన్ ఒకసారి నావైపూ ఒకసారి ఆయనవైపూ చూశాడు. ఇరవయ్యారేళ్ళుగా తన పక్కన పడుకున్నదెవరో అప్పుడే పరిచయం చేసినట్టు.

"బెర్నీ. నువ్వా?"

"నేనే. నాలుగు బకెట్లు."

"వేడినీళ్ళా?" అన్నాడు హాల్‌స్టెడ్.

"చన్నీళ్ళు. వేడివైతే అద్దం పగులుతుందని. మరీ అంత దుర్మార్గురాల్ని కాదు."

పదకొండూ ఇరవై ఆరు. లెన్ ఉద్యోగం పోయింది, నేనే పోగొట్టాను, ఆ పిల్లాడి కుర్చీ కూడా నా చేత్తోనే తీసేశాను అనుకున్నాను.

హాల్‌స్టెడ్ బల్ల దగ్గరి కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు. అడక్కుండానే ఒక పిజ్జెల్ తీసుకున్నాడు.

"పారేశారనుకున్నానని చెప్తాను కదా అందరికీ," అన్నాడు. "అనుకోలేదు. దాని కింద జాగా శుభ్రంగా తోడి ఉంది. ఎవరో కష్టపడ్డారని తెలుస్తూనే ఉంది. కానీ చేపలు అయిపోతాయని తొందర."

లెన్ లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. "లమోంట్ విషయం..."

"తెలుసు లెన్. అదే చెప్తున్నా." తెరమీది కాగితంవంక చూస్తూ ఇంకో ముక్క కొరికాడు. "ఫోన్ చెయ్యండి వారిక్ వాళ్ళకి. ఇరవై తొమ్మిదే అనండి."

"పోతాడు."

"పోతే పోతాడు. ఈ ఊళ్ళో నేనింకా చాలా చలికాలాలు ఉండాలి."

లెన్ చేశాడు. ఏజెంట్ ఆలోచించి చెప్తానన్నాడు. పదకొండూ నలభై ఎనిమిదికి అందరి ఫోన్లూ ఒక్కసారి టింగుమన్నాయి. వారిక్ ఇంకో ఊరికి. ముప్పైకి.

ముగ్గురం బిస్కెట్లవంక చూస్తూ కూర్చున్నాం. ఇరవై తొమ్మిది మిలియన్ల ఖాళీ, పెట్టడానికి సంతలో సరుకు లేదు. రేపు పేపర్లో ఏం రాస్తారో మాకు తెలుసు. హాలులో సగం కుర్చీలు ఖాళీగా ఉంటే వాటికి ఎవరు కాపలా కాస్తారో కూడా తెలియదు. అప్పటికి నాలుగో పిజ్జెల్ తింటున్న హాల్‌స్టెడ్ ముఖం పాలిపోయి ఉంది. మనసు మార్చుకోవడానికి ఇంకా పన్నెండు నిమిషాలు ఉంది. కాగితం తెరమీదే ఉంది. వారిక్ పోయాడు కాబట్టి లమోంట్‌కి పదమూడెందుకు, ఎనిమిదికే బేరమాడమనొచ్చు. ఆ మాట ఆయన నోటిదాకా వచ్చిందనీ, పిజ్జెల్‌తో కలిపి మింగేశాడనీ నా అనుమానం.

పన్నెండు కొట్టింది. లెన్ లమోంట్‌కి ఒప్పందం పంపాడు. పన్నెండూ మూడుకి సంతకంతో తిరిగొచ్చింది. తెర ముందే కూర్చుని ఉండాలి పాపం.

హాల్‌స్టెడ్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "లెన్, వచ్చే ఏడాది నలభై ఆటలు గెలవాలి. లేకపోతే మీ కుర్చీ తీస్తాను. ఇది నోటిమాట కాదు," అన్నాడు. తర్వాత నాతో, "ఆ తొమ్మిదొందలు..."

"పెళ్ళి బల్ల దగ్గర మీకు రెండు డబ్బాలు కట్టిస్తాను."

"మూడు," అన్నాడు, మూడు వీధులు నడవడానికి ఎండలోకి దిగుతూ.

లెన్ నాతో సాయంత్రందాకా మాట్లాడలేదు. కోపమో భయమో తెలియదు, అతనికీ తెలియదనుకుంటాను. నాలుగింటికి వీధిలో హారన్ మోగింది. లమోంట్ కారు దిగి, కుర్చీని ఒక్క చేత్తో ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"జూలైలో ఇదేంటి మిస్ బెర్నీ?"

"నీకోసమే. బండి పెట్టుకో."

అతను కారు పెట్టుకొచ్చి, అదే కుర్చీలో కూర్చుని, పది పిజ్జెల్లు తిన్నాడు. బల్లకి లెక్క తగ్గింది. రేపు మళ్ళీ కాల్చాలి. లెన్ ఎదురుగా కూర్చుని కాగితం మీద జట్టులో మిగిలిన పేర్లు రాసి, కూడి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాడు.

"ఎన్ని గెలుపులు వస్తున్నాయి?" అని అడిగాను.

"ముప్పై ఆరు."

"మళ్ళీ కూడు," అన్నాను, ఓవెన్ వెలిగిస్తూ.